కాపర్–సీరియా ఉత్ప్రేరకం: సహ-అవక్షేపణ పద్ధతిలో తయారీ

కార్బన్ మోనాక్సైడ్‌ను తక్కువ వేడిలోనే కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడానికి ప్లాటినం జాతి లోహాలే ఉండాలని లేదు. సీరియం ఆక్సైడ్ (దీన్నే సీరియా అంటారు) మీద కాపర్ ఆక్సైడ్ సన్నగా, సమంగా పరుచుకుంటే చాలు, 150 డిగ్రీల లోపే ఆ పని బాగా జరుగుతుంది. అయితే అదే కాపర్ గడ్డలు కట్టినా, సోడియం మిగిలిపోయినా చూడ్డానికి అదే నల్లపొడి వస్తుంది, పని మాత్రం చేయదు. ఈ తేడా చాలావరకు ఫర్నేస్‌లోకి వెళ్లకముందే, బీకరులో పీహెచ్ దగ్గరా, ఆ తర్వాత కడిగే దగ్గరా తేలిపోతుంది. అందుకే కింద ఆ రెండు దశల మీదే ఎక్కువ చెప్పాం. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో ఉన్నాయి.

ఏం చేయబోతున్నాం

మొత్తం లోహ పరమాణువుల్లో 90 శాతం సీరియం, 10 శాతం కాపర్ ఉండే ఆక్సైడ్‌ను సహ-అవక్షేపణతో, అంటే రెండు లోహాలనూ ద్రావణం నుంచి ఒకేసారి ఘనంగా దించి, ఒక బ్యాచ్‌కు దాదాపు 5 గ్రాములు చేస్తాం. బరువు లెక్కన ఇందులో కాపర్ ఆక్సైడ్ 4.9 శాతం, కాపర్ 3.9 శాతం. కాపర్ ఎక్కువ వేస్తే ఉత్ప్రేరకం ఎక్కువ పనిచేస్తుందనుకోకండి. ఉపరితలం మీద చోటు నిండాక వచ్చే కాపర్ అంతా పెద్ద స్ఫటికాలుగా విడిగా పెరుగుతుంది, దానివల్ల ఒరిగేది స్వల్పం.

కావలసినవి:

సీరియం నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 11.72 గ్రాములు (0.027 మోల్)
కాపర్ నైట్రేట్ ట్రైహైడ్రేట్ 0.725 గ్రాములు (0.003 మోల్)
నిర్జల సోడియం కార్బొనేట్ 7.95 గ్రాములు (0.075 మోల్)
డీఅయనైజ్డ్ నీరు, కడగడానికి కూడా కలిపి 2 లీటర్లు
ఒక లీటరు బీకరు, పై నుంచి తిప్పే స్టిరర్, పీహెచ్ మీటరు, కండక్టివిటీ మీటరు, బుక్నర్ గరాటు లేదా సెంట్రిఫ్యూజ్, రెండు బ్యూరెట్లు లేదా రెండు చిన్న పంపులు

క్లోరైడ్ లవణాలు చౌకగా దొరికినా వాడకండి. క్లోరైడ్ సీరియా ఉపరితలాన్ని గట్టిగా పట్టుకుంటుంది, ఆక్సీక్లోరైడ్‌గా కూడా మారుతుంది, ఆక్సిజన్ కదలికను అడ్డుకుంటుంది. ఎంత కడిగినా పూర్తిగా పోదు. నైట్రేట్ అయితే నీటిలో కొట్టుకుపోతుంది, మిగిలిన కాస్తా వేడికి విడిపోతుంది.

ఇక అమోనియా సంగతి. సీరియాను ఒంటరిగా చేసేటప్పుడు అది చక్కటి అవక్షేపకం, సోడియం బెడద ఉండదు. కాపర్ ఉన్నప్పుడు మాత్రం వద్దు. కాపర్ అమోనియాతో ముదురు నీలం సంక్లిష్టంగా కరిగి వడకట్టిన నీటితోపాటు బయటికి పోతుంది. తూచి వేసిన 10 శాతం చివరకు 6 శాతమో 4 శాతమో అవుతుంది, అదీ బ్యాచ్‌కో రకంగా.

తూకానికి ముందు ఒక పరీక్ష

ఈ రెండు నైట్రేట్లూ గాలిలో తేమ పీల్చుకుంటాయి. సీసా పాతదైతే హెక్సాహైడ్రేట్ అని అట్ట మీద ఉన్నా లోపల నీళ్లు ఎక్కువే ఉండొచ్చు. సీరియం నైట్రేట్ సరిగ్గా 1 గ్రాము తూచి, మూసలో నెమ్మదిగా వేడిచేసి 600 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచండి. 0.396 గ్రాముల ఆక్సైడ్ మిగలాలి. కాపర్ నైట్రేట్‌కు ఇదే పరీక్షలో 0.329 గ్రాములు రావాలి. తక్కువ వస్తే ఆ నిష్పత్తిలో తూకం పెంచండి. ఉదాహరణకు సీరియం నుంచి 0.380 వస్తే 11.72ను 0.396తో గుణించి 0.380తో భాగించండి, 12.21 గ్రాములు కావాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులకు హానికరం కాబట్టి ఫర్నేస్ పొగ నేరుగా ఫ్యూమ్ హుడ్‌లోకి పోవాలి.

1. ద్రావణాలు

రెండు నైట్రేట్లనూ కలిపి 150 మి.లీ. నీటిలో కరిగించండి. లోహాల గాఢత 0.2 మోలార్ అవుతుంది. లేత నీలంగా, తేటగా ఉండాలి. మసకగా ఉంటే వడకట్టాకే వాడండి. సోడియం కార్బొనేట్‌ను వేరే 150 మి.లీ. నీటిలో కరిగించండి. లెక్క ప్రకారం కావలసింది 0.0435 మోలే అయినా 0.075 సిద్ధం చేసుకుంటున్నాం. ఎందుకంటే ఆమ్లం తగిలి కార్బొనేట్ కొంత బైకార్బొనేట్ అవుతుంది, కొంత వాయువుగా పోతుంది. మొత్తం వాడాలనేమీ లేదు, పీహెచ్ ఎంత అడిగితే అంతే పోయండి.

2. అవక్షేపణ

తయారీ మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన గంట ఇదే.

ఒక లోహ ద్రావణంలో క్షారం కొద్దికొద్దిగా పోస్తూ పోతే రెండు లోహాలూ ఒకేసారి దిగవు. హైడ్రాక్సైడ్‌ల లెక్కలో కాపర్ సుమారు పీహెచ్ 5 దగ్గరే దిగడం మొదలుపెడుతుంది, మూడు ఆవేశాల సీరియం 7 దాటాక గానీ దిగదు. కాబట్టి ముందు కాపర్ ముద్ద, దాని మీద సీరియం పొర ఏర్పడతాయి. ఫర్నేస్ ఈ తప్పును దిద్దలేదు. అందుకని రెండు ద్రావణాలనూ ఒకేసారి, పీహెచ్ మారకుండా మూడో పాత్రలోకి వదలాలి. అప్పుడు పడే ప్రతి చుక్కలోని కాపర్, సీరియం అక్కడికక్కడే కలిసి దిగుతాయి.

లీటరు బీకరులో 100 మి.లీ. నీరు తీసుకుని 60 డిగ్రీలకు వేడిచేయండి. పెద్ద బీకరు ఎందుకంటే ఆమ్ల ద్రావణం కార్బొనేట్‌కు తగలగానే కార్బన్ డయాక్సైడ్ నురగ లేస్తుంది. నిమిషానికి 400 చుట్ల వేగంతో తిప్పండి. అయస్కాంతపు కడ్డీ మొదట బాగానే తిరుగుతుంది కానీ సగం దారిలో ద్రవం చిక్కబడి ఆగిపోతుంది, అది ఆగిన చోట పీహెచ్ అదుపు తప్పుతుంది. పై నుంచి తిప్పే స్టిరర్ ఉంటే అదే వాడండి.

పీహెచ్ మీటరును ఆ రోజే 7, 10 బఫర్లతో సరిచూడండి. ఉష్ణోగ్రత ప్రోబ్‌ను కూడా బీకరులో ముంచండి, లేకపోతే 60 డిగ్రీల దగ్గర చూపించే సంఖ్య నమ్మదగ్గది కాదు. కొన్ని చుక్కల కార్బొనేట్‌తో నీటిని 8.5కి తెచ్చి, లోహ ద్రావణాన్ని నిమిషానికి 2.5 మి.లీ. చొప్పున మొదలుపెట్టండి. గంటలో అయిపోతుంది. ఈ వేగం స్థిరంగా ఉంచి, పీహెచ్ 8.3, 8.7 మధ్య ఉండేలా కార్బొనేట్ వేగాన్ని మాత్రమే మార్చండి. రెండు ధారలూ పక్కపక్కన పడకూడదు, స్టిరర్‌కు చెరో వైపు, సుడి దగ్గరగా పడాలి.

లేత నీలపు తెల్లటి అవక్షేపం వస్తుంది. రంగును గమనిస్తూ ఉండండి, మీటరు కంటే ముందే కొన్నిసార్లు అదే చెబుతుంది. గోధుమ లేదా నలుపు చారలు కనిపిస్తే వేడి మరీ ఎక్కువైందనో, ఎక్కడో క్షారం గడ్డకట్టినట్టు నిలిచిందనో అర్థం. కాపర్ హైడ్రాక్సైడ్ నీటిలోనే కాపర్ ఆక్సైడ్‌గా మారిపోయి సీరియం నుంచి విడివడుతోంది. ఆ బ్యాచ్‌ను కొనసాగించి లాభం లేదు. పీహెచ్ 9.5 దాటేలా కార్బొనేట్ కుమ్మరించినా ఇబ్బందే, కాపర్ కొంత కార్బొనేట్ సంక్లిష్టంగా మళ్లీ కరిగిపోతుంది.

ఎలక్ట్రోడ్ బల్బు మీద అవక్షేపం పేరుకుంటే మీటరు నెమ్మదిస్తుంది. మీరు కార్బొనేట్ పెంచుతారు, సంఖ్య కదలదు, ఇంకా పెంచుతారు, తర్వాత ఒక్కసారిగా 10 చూపిస్తుంది. పావుగంటకోసారి ధారలు ఆపి ఎలక్ట్రోడ్‌ను నీటితో కడిగి మళ్లీ ముంచండి.

3. మాగబెట్టడం

పోయడం అయ్యాక 60 డిగ్రీల దగ్గరే, తిప్పుతూనే, 2 గంటలు ఉంచండి. బీకరుపై గాజు మూత పెడితే నీరు ఆవిరైపోదు. చిన్న రేణువులు కొన్ని కరిగి సర్దుకుంటాయి, వడకట్టడం సులువవుతుంది. 70 దాటనివ్వకండి, పైన చెప్పిన నల్లబారడం అప్పుడే వస్తుంది.

4. కడగడం

చాలామంది తొందరపడేది ఇక్కడే, కాబట్టి ఒకసారి లెక్క చూడండి. ఈ చర్యలో సోడియం నైట్రేట్ 7.4 గ్రాములు పుడుతుంది, అంటే మీ ఉత్ప్రేరకం కంటే ఎక్కువ. 400 మి.లీ. ద్రవాన్ని వడకట్టాక ముద్దలో సుమారు 50 మి.లీ. నీరు మిగులుతుంది, దాంతోపాటు 0.93 గ్రాముల లవణం. 250 మి.లీ. కొత్త నీటిలో ముద్దను కలిపి మళ్లీ వడకడితే అది ఆరో వంతుకు తగ్గుతుంది. ఒక్కసారి కడిగి ఆపేస్తే 0.155 గ్రాములు మిగులుతుంది, చివరి పొడిలో దాదాపు 0.9 శాతం సోడియం ఉన్నట్టు. నాలుగుసార్లు కడిగితే 1 మిల్లీగ్రాము కంటే తక్కువ.

గరాటులోని ముద్ద మీద నీళ్లు పోసి ఊరుకుంటే పై లెక్క వర్తించదు. ముద్ద పగుళ్లిస్తుంది, నీరు పగుళ్లలోంచే జారిపోతుంది, లోపలి లవణం కదలదు. ప్రతిసారీ ముద్దను బీకరులోకి తీసి, 50–60 డిగ్రీల వేడి నీటిలో 10 నిమిషాలు బాగా కలిపి, మళ్లీ వడకట్టాలి.

ఎప్పుడు ఆపాలో కండక్టివిటీ మీటరు చెబుతుంది. వడకట్టిన నీటిలో మూడోసారికి సెంటీమీటరుకు 120 మైక్రోసీమెన్స్ ప్రాంతంలో, నాలుగోసారికి 20 ప్రాంతంలో రావాలి. ఆచరణలో కాస్త ఎక్కువే ఉంటుంది. 50 కంటే దిగువకు వచ్చేదాకా కడగండి. పీహెచ్ 7కి వచ్చిందని ఆపేయకండి, సోడియం నైట్రేట్ తటస్థ లవణం, పీహెచ్ దాన్ని చూడలేదు. రేణువుల ఉపరితలానికి అంటుకున్న సోడియం ఈ లెక్కకు అందదు కాబట్టి చివరి పొడిని ఐసీపీతో (ఏ లోహం ఎంత ఉందో కొలిచే పరికరం) కొలిపించడం తప్పనిసరి అనుకోండి.

లవణం తగ్గేకొద్దీ ఇంకో చిక్కు మొదలవుతుంది. రేణువుల మధ్య వికర్షణ పెరిగి, సన్న రేణువులు విడిపోయి, ఫిల్టర్ కాగితం గుండా మసకగా దిగిపోతాయి. అలా అయితే కాగితం వదిలేసి సెంట్రిఫ్యూజ్‌కు మారండి. ఆ మసక నీటిని పారబోస్తే దిగుబడి, కూర్పు రెండూ దెబ్బతింటాయి.

మొదటి వడకట్టిన నీటిని కొంచెం పరీక్షనాళికలో తీసుకుని గాఢ అమోనియా కొన్ని చుక్కలు వేయండి. నీలం కనిపిస్తే కాపర్ బయటికి పోయిందన్నమాట. ఇది ముతక పరీక్షే అయినా అక్కడికక్కడ తెలుస్తుంది.

5. ఎండబెట్టడం, నూరడం

110 డిగ్రీల ఓవెన్‌లో 12 గంటలు. ముద్దను మందంగా కాకుండా పలచగా పరవండి. త్వరగా ఎండాలని ఆల్కహాల్‌తోనో అసిటోన్‌తోనో కడగాలనిపించొచ్చు. నైట్రేట్ మిగిలి ఉన్న పదార్థంతో సేంద్రియ ద్రావణిని కలిపి వేడిచేయడం ప్రమాదం, అంటుకునే అవకాశం ఉంది. ఎండాక అగేట్ రోలులో నూరండి. ఇనుప రోలు వాడితే ఇనుము కలుస్తుంది, ఆ ఇనుము కూడా ఆక్సీకరణలో పాల్గొని ఫలితాన్ని తప్పుదారి పట్టిస్తుంది.

6. కాల్సినేషన్ (గాలిలో కాల్చి ఆక్సైడ్‌గా మార్చడం)

వెడల్పాటి మూసలో 5 మి.మీ.కు మించని పొరగా పరిచి, నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 450కి తీసుకెళ్లి, 4 గంటలు ఉంచి, తలుపు తీయకుండా చల్లారనివ్వండి. గాలి పారుతూ ఉండాలి. కార్బొనేట్ విడిపోయేటప్పుడు వచ్చే ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ మందపాటి పొరలో చిక్కుకుంటే వేడి ఆవిరిలో స్ఫటికాలు త్వరగా పెరుగుతాయి. అదే పొడి, అదే ఉష్ణోగ్రత, కానీ లోతైన మూసలో చేస్తే ఉపరితల వైశాల్యం తక్కువ వస్తుంది.

ఫర్నేస్ తెర మీద 450 ఉందంటే మూసలో 450 ఉన్నట్టు కాదు. విడి థర్మోకపుల్ ఒకటి మూస పక్కన పెట్టి చూడండి. చిన్న ఫర్నేస్‌లు వేగంగా వేడెక్కించినప్పుడు పదుల డిగ్రీలు పైకి ఎగిరి కిందికి వస్తుంటాయి. అందుకే నిమిషానికి 10 డిగ్రీల వేగం వద్దంటున్నాం. 600 దాటితే కాపర్ ఆక్సైడ్ గడ్డలు కట్టడం మొదలవుతుంది. మీ ఉత్ప్రేరకం తర్వాత పనిచేసే ఉష్ణోగ్రత కంటే కాల్సినేషన్ ఉష్ణోగ్రత మాత్రం ఎక్కువ ఉండాలి, లేకపోతే రియాక్టర్‌లోనే మారుతూ పోతుంది.

తూచండి. లెక్క ప్రకారం 4.89 గ్రాములు. 4.6 నుంచి 4.8 వస్తే మామూలే, గరాటుకూ బీకరుకూ కొంత పోతుంది. 4.9 దాటితే సంతోషించకండి, లవణమో విడిపోని కార్బొనేటో లోపల ఉంది. శుద్ధ సీరియా లేత పసుపు, కాపర్ కలిసినది ముదురు బూడిద నుంచి నలుపు. పొడిలో అక్కడక్కడా పసుపు మచ్చలుంటే కలయిక సమంగా లేదు.

7. వచ్చింది ఏమిటో తేల్చుకోవడం

ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలతో స్ఫటికాలను గుర్తించే పరీక్ష), కాపర్ కె-ఆల్ఫా కిరణంతో, సీరియా పీక్‌లు 28.5, 33.1, 47.5, 56.3 డిగ్రీల దగ్గర వెడల్పుగా రావాలి. 35.5, 38.7 దగ్గర సన్నని పీక్‌లు కనిపిస్తే కాపర్ ఆక్సైడ్ విడి స్ఫటికాలుగా ఉంది. అవి కనిపించనంత మాత్రాన కాపరంతా సీరియా జాలకంలోకి వెళ్లిందని రాసేయకండి. చాలా చిన్న గుంపులుగా ఉన్నా పీక్ రాదు. పీక్ కొంచెం జరిగిందని చెప్పి ఘన ద్రావణం (కాపర్ సీరియా స్ఫటికంలోనే కలిసిపోయిన రూపం) ఏర్పడిందనడం ఇంకా బలహీనమైన వాదన. 185 మి.మీ. వ్యాసార్థం ఉన్న గోనియోమీటరులో (ఎక్స్‌ఆర్‌డీ యంత్రంలో కోణాలు కొలిచే భాగం) నమూనా ఎత్తు 0.1 మి.మీ. తేడా వస్తేనే పీక్ దాదాపు 0.06 డిగ్రీలు జరుగుతుంది. సిలికాన్ పొడి కలిపి సరిచూసుకున్నాకే ఆ మాట అనండి.

స్ఫటిక పరిమాణం, పీక్ వెడల్పు నుంచి లెక్కగట్టే షెరర్ సూత్రంతో వస్తుంది. 28.5 దగ్గరి పీక్ సగం ఎత్తులో 1.0 డిగ్రీ వెడల్పుంటే, అంటే 0.01745 రేడియన్లు, పరిమాణం 8.2 నానోమీటర్లు. పరికరం స్వతహాగా ఇచ్చే వెడల్పును ముందు తీసేయాలి.

ఉపరితల వైశాల్యం బీఈటీతో (పొడి మీద ఎంత వాయువు అంటుకుంటుందో చూసే పద్ధతి) కొలవండి, ముందు 200 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో కొన్ని గంటలు ఆరబెట్టి. గ్రాముకు 40 చదరపు మీటర్లకు తక్కువ వస్తే మూసలో పొర మందం, ఫర్నేస్ ఉష్ణోగ్రత, సోడియం ఈ మూడింటినీ అనుమానించండి.

ఒకే ఒక్క పరీక్షకు వీలుంటే హైడ్రోజన్ టీపీఆర్ (హైడ్రోజన్‌లో వేడి పెంచుతూ ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంత హైడ్రోజన్ ఖర్చవుతుందో చూసే పరీక్ష) చేయించండి. సన్నగా పరుచుకున్న కాపర్ 150–200 డిగ్రీల ప్రాంతంలో క్షయకరణం చెందుతుంది. పెద్ద స్ఫటికాలు 250 దాటాక గానీ కదలవు. కాపర్ మొత్తానికి గ్రాముకు 0.61 మిల్లీమోల్ హైడ్రోజన్ చాలు. అంతకు మించి ఖర్చయితే సీరియా ఉపరితలం కూడా పాల్గొంటోందని, రెండింటికీ మంచి స్పర్శ ఉందని తెలుస్తుంది.

8. చర్యలో పరీక్ష

పొడిని బిళ్లగా నొక్కి, పగలగొట్టి, 180–250 మైక్రాన్ల ముక్కలు జల్లించండి. 100 మి.గ్రా. ఉత్ప్రేరకాన్ని అదే పరిమాణమున్న 400 మి.గ్రా. క్వార్ట్జ్ ఇసుకతో కలిపి నింపండి. ఇసుక ఊరికే కాదు. 1 శాతం కార్బన్ మోనాక్సైడ్ పూర్తిగా మండితే వాయువు దాదాపు 130 డిగ్రీలు వేడెక్కగలదు, ఆ వేడిని పంచకపోతే మీరు కొలిచేది పొర లోపల ఒకచోట పేరుకున్న వేడినే. ముందు ఆక్సిజన్ కలిపిన వాయువులో 300 దగ్గర గంట శుద్ధి చేయండి, నిల్వలో సీరియా కార్బన్ డయాక్సైడ్‌నూ తేమనూ పీల్చి ఉంటుంది.

1 శాతం కార్బన్ మోనాక్సైడ్, 5 శాతం ఆక్సిజన్, మిగతా హీలియం, నిమిషానికి 50 మి.లీ. అంటే గంటకు గ్రాముకు 30,000 మి.లీ. ఉష్ణోగ్రత ఒక్కో మెట్టు పెంచి స్థిరపడనిచ్చి కొలవండి. సగం మార్పిడి జరిగే ఉష్ణోగ్రత బ్యాచ్‌లను పోల్చడానికి పనికొస్తుంది. వేగ స్థిరాంకాలు కావాలంటే మార్పిడి 15 శాతం లోపు ఉన్న కొలతలే తీసుకోండి. ఇసుక ఒక్కటే నింపి ఖాళీ పరుగు ఒకటి తీయండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, కాబట్టి సిలిండర్ దగ్గర అలారం ఉన్న డిటెక్టరు పెట్టుకోకుండా, రియాక్టర్ నుంచి వచ్చే వాయువు హుడ్‌లోకి పోయే ఏర్పాటు లేకుండా సిలిండర్ తెరవకండి.

ఫలితం బాగా లేకపోతే

ఐసీపీలో కాపర్ తక్కువగా ఉందా? పీహెచ్ 9.5 దాటింది లేదా మసక నీటిని పారబోశారు. కాపర్ సరిపోయి, టీపీఆర్‌లో 250 పైన పెద్ద పీక్ ఉందా? అవక్షేపణలో పీహెచ్ ఊగింది, లేదా ఫర్నేస్ వేడి మించింది. ఎక్స్‌ఆర్‌డీలో సీరియా పీక్‌లు కూడా సన్నబడి ఉంటే తప్పు ఫర్నేస్‌లో, వెడల్పుగానే ఉంటే బీకరులో. టీపీఆర్, వైశాల్యం, కాపర్ అన్నీ బాగుండి పని మాత్రం చేయకపోతే సోడియం అంకె చూడండి. విడి కాపర్ ఆక్సైడ్ కొద్దిగానే ఉంటే సజల నైట్రిక్ ఆమ్లంలో కడిగితే అది కరిగిపోతుంది, సీరియాతో గట్టిగా కలిసినది నిలుస్తుంది. ఆ ముందు, ఆ తర్వాత కొలిచి చూస్తే అసలు పనిచేసే కాపర్ ఎంతో తెలుస్తుంది.

పంపులు, పీహెచ్ మీటరు లేనివాళ్లు సిట్రిక్ ఆమ్లంతో సోల్-జెల్ పద్ధతికి వెళ్తుంటారు. లోహాల మోల్‌లకు ఒకటిన్నర రెట్లు సిట్రిక్ ఆమ్లం కలిపి, 80 డిగ్రీల దగ్గర నీరు ఇగరబెట్టి, జెల్‌ను కాల్చడమే. సోడియం బెడద ఉండదు, కలయిక సమంగా వస్తుంది. కానీ ఆ జెల్‌లో ఇంధనమూ ఉంది, నైట్రేట్ రూపంలో ఆక్సీకరణీ ఉంది. వేడెక్కగానే దానంతటదే అంటుకుని పొంగుతుంది, ఆ క్షణంలో ఫర్నేస్ సెట్టింగు కంటే ఎంతో ఎక్కువ వేడెక్కి ఉపరితల వైశాల్యం పడిపోతుంది. చేయాలనుకుంటే ఒక్కసారికి 1–2 గ్రాముల ఆక్సైడ్‌కు మించకుండా, పెద్ద పాత్రలో అడుగున మాత్రమే ఉండేలా పోసి, హుడ్ తలుపు దించి చేయండి.